పచ్చ దుప్పట్ల గుడారం

ఏమీ ఆలోచించకండి మేడమ్ అని చెప్పి, ఆమె తలకు చివరి తీగ కూడా అంటించి, పచ్చ దుప్పటి అంచు పక్కకు తొలగించుకుని మెదడు పరీక్ష చేసే టెక్నీషియన్ బయటికి వెళ్ళిపోయాడు. ఏమీ ఆలోచించకుండా ఉండటమంటే ఏమిటో ఆ మహానుభావుడు ఎప్పుడైనా ఈ మంచం మీద పడుకుని చూశాడా? ఊహ తెలిసిన దగ్గర్నుంచీ ఒక్క నిమిషం ఊరుకోని బుర్ర. దానికి ఇవాళ ఇన్ని తీగలు తగిలించి, జిగురు పూసి, గంటసేపు కదలకుండా పడుకోబెట్టి, బాబ్బాబూ కాస్త ఊరుకో అంటే ఊరుకుంటుందా? అయినా కళ్ళు మూసుకుంది. మూసుకోగానే ముందుగా వచ్చింది ఆలోచన కాదు, వాసన. నిమ్మకాయ వాసన. నాలుగు వైపుల నుంచీ, నెత్తి మీద నుంచీ, పరుపు కింద నుంచి కూడా అదే వాసన. నవ్వొచ్చింది. నవ్వితే దవడ కదులుతుంది, దవడ కదిలితే అవతల తెర మీద గీత కదులుతుంది, గీత కదిలితే టెక్నీషియన్ గొంతు సవరించుకుంటాడు. పెదాలు బిగబట్టుకుంది.

గుడారం బాగా కుదిరింది. చట్రమంతా ఆమె భర్త పనితనమే. కొత్త ఇళ్ళకు వైరింగు చేసే మనిషి కాబట్టి, గోడల్లో తీగలు పరిచే ప్లాస్టిక్ గొట్టాలనే కోసి, కలిపి, మంచం చుట్టూ నిలబెట్టాడు. దుప్పట్ల అంచులు ఒకదాని మీద ఒకటి ఎక్కేలా క్లిప్పులు పెట్టాడు. కాళ్ళ వైపు మూల నుంచి ఒక తీగ లాగి, గోడలో ఉన్న ఎర్తుకు తగిలించి, రెండుసార్లు మీటరు పెట్టి చూసుకుని, మూడోసారి కూడా చూశాడు. ఆయనకు మాటలు తక్కువ. భయం వేస్తే మీటరు పెడతాడు. ప్లాస్టిక్ టేపు చుట్టి కరెంటును ఆపడం ఆయన బతుకుతెరువు, ప్లాస్టిక్‌లోంచి కరెంటు పారించడం ఆమెది. పెళ్ళయిన కొత్తలో చుట్టాలెవరో మీ ఆవిడ ఏం చేస్తుందయ్యా అని అడిగితే, నేను రోజంతా కట్టింది సాయంత్రానికి విప్పేస్తుంది అన్నాడు. ఆ మాట ఇంటింటికీ తిరిగి మళ్ళీ ఆమె దగ్గరికే వచ్చింది. అప్పుడు ఉడుక్కుంది కానీ, తర్వాత తరగతి గదిలో పాఠం మొదలుపెట్టాల్సి వచ్చినప్పుడల్లా తనే ఆ మాట వాడుకుంది. మామూలు ప్లాస్టిక్ కరెంటును రానివ్వదు, అందుకే మనం దాన్ని నమ్మి పట్టుకుంటాం. ఈ పాలీ అనిలీన్ అనేది కూడా ఆ కుటుంబంలోదే, కానీ కాస్త ఆమ్లం తాగిస్తే దాని గుణమే మారిపోతుంది, ఒళ్ళంతా కరెంటుకు దారి ఇస్తుంది. దాన్ని గుడ్డకు పట్టిస్తే, గాలిలో కనపడకుండా తిరిగే రొద అంతా, మోటార్లదీ ఫోన్లదీ యంత్రాలదీ, ఆ గుడ్డకు తగిలి, తీగ పట్టుకుని నేలలోకి దిగిపోతుంది. లోపల ఉన్నవాళ్ళకు ప్రశాంతం. వినడానికి ఎంత తేలికో. ఆ తేలిక కోసం సగం వయసు అయిపోయింది.

గోడ అవతల మోత మొదలైంది. మోత అనడం కూడా ఎక్కువే, పళ్ళలో తెలిసీ తెలియనట్టుండే ఒక జలదరింపు. ఫిజియోథెరపీ గదిలో కీళ్ళకు వేడి పెట్టే యంత్రం అది. పోయిన నెల ఇదే మంచం మీద, ఇవే తీగలతో, దుప్పట్లు లేకుండా పడుకున్నప్పుడు ఆ యంత్రమే కొంప ముంచింది. పక్క గదిలో ఎవరిదో మోకాలు వెచ్చబడితే ఇక్కడ ఆమె గీత గంతులు వేసింది. దానికి తోడు లిఫ్టు, దానికి తోడు డాబా మీది టవరు. డాక్టరమ్మ ఆ కాగితాలు వెలుతురులోకి పట్టుకుని, తిప్పి, మళ్ళీ తిప్పి, ఇందులో ఏది మీ మెదడో ఏది మా గోడో నేను చెప్పలేనమ్మా అంది. అబద్ధం చెప్పి మందు రాసెయ్యలేదు, ఏమీ లేదు పొమ్మని పంపెయ్యనూ లేదు. చెప్పలేను అన్న మనిషి మీద ఆ పూట కోపం వచ్చిన మాట నిజమే. ఇంటికి వెళ్ళే దారిలోనే ఆ కోపం కాస్తా గౌరవం అయింది. ఇంటి మలుపు తిరిగేలోపు దుప్పట్ల ఆలోచన వచ్చింది.

ఎందుకంటే తెలియాలి. ఏదో ఒకటి తెలిసి తీరాలి. మొదటిసారి ల్యాబులో జరిగింది. ఆ రోజు ఆమ్లం ఉన్న బీకరు ఆమె చేతిలోనే ఉంది, బల్ల మీద పెట్టబోతోంది, ఆ తర్వాత చూస్తే బీకరు నేల మీద ముక్కలై ఉంది, ముంజేతి మీద మంట, పంపు కింద ఆ చెయ్యి పెట్టించి తనను పట్టుకుని ఉన్న సహోద్యోగి. మధ్యలో ఏం జరిగిందంటే ఏమీ జరగలేదు. మధ్య అనేదే లేదు. కళ్ళు తిరగలేదు, పడిపోలేదు, ఎవరో పుస్తకంలోంచి ఒక పేజీ చింపేసినట్టు. రెండోసారి ఇంట్లో. పొయ్యి ముందు నిలబడి ఉంది, పాలు పొంగి, పొయ్యి ఆరి, అత్తగారు గ్యాసు కట్టేసి, భుజం పట్టుకుని అడిగారు, ఎక్కడికెళ్ళొచ్చావమ్మా అని. ఎక్కడికీ వెళ్ళలేదు అత్తయ్యా, ఇక్కడే ఉన్నాను అంది. లేవు, నేను చూశాను, లేవు అన్నారు ఆవిడ. తిట్టినట్టు లేదు, భయపెట్టినట్టూ లేదు. బస్సు దిగిన పిల్లను అడిగినట్టు అడిగారు. అప్పటినుంచి ఆమె వంట చేసినప్పుడల్లా ఆవిడ కూడా పొయ్యి దగ్గర నిలబడేవారు, ఏదో వెతుకుతున్నట్టు, ఏ పనీ లేకపోయినా.

ల్యాబు తాళంచెవి పైఅధికారి తీసుకున్నాడు. మర్యాదగానే తీసుకున్నాడు, పరీక్ష ఫలితం వచ్చేదాకా అన్నాడు, మీ క్షేమం కోసమే అన్నాడు. ఇన్నేళ్ళూ ఆ తాళంచెవి హ్యాండుబ్యాగులో ఎక్కడో అడుగున చప్పుడు చేస్తూ ఉండేది, ఆ చప్పుడు లేని బ్యాగు తేలిగ్గా తోచి రెండు మూడుసార్లు దారిలో ఆగి వెతుక్కుంది. ఇవాళ గీత శుభ్రంగా, నిలకడగా వస్తే చెవి తిరిగి వస్తుంది. గీతలో, పడిపోకుండానే వచ్చే మూర్ఛకు గుర్తుగా పొడుచుకొచ్చే ముళ్ళు ఉంటే రాదు. దుప్పట్లు పనిచెయ్యకపోతే మళ్ళీ గోడా మెదడూ కలగాపులగం, మళ్ళీ చెప్పలేనమ్మా. అంటే దుప్పట్లు పనిచెయ్యాలి, పనిచేసి, లోపల ఏమీ లేదని చూపించాలి. రెండూ కోరుకోవడం అత్యాశేమో. పోనీ ఒకటే కోరుకోవలసి వస్తే? ఆ ప్రశ్న దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆమె పక్కకు తప్పుకుంటోంది. ఇప్పుడూ తప్పుకుంది.

నిమ్మకాయలు గుర్తొచ్చాయి. మళ్ళీ నవ్వు. అసలు ఈ దుప్పట్లు అత్తగారివే. ఆవిడ ముప్పై ఏళ్ళు లాండ్రీ నడిపారు. హోటళ్ళ దుప్పట్లు, హాస్పిటళ్ళ దుప్పట్లు, పెళ్ళివారి దుప్పట్లు. మరక అంటే ఆవిడకు పగ. మనుషుల్లో ఎంతటి తప్పయినా క్షమిస్తారు గానీ గుడ్డ మీద కాఫీ చుక్కను క్షమించరు. లాండ్రీ మూసేసినప్పుడు మిగిలిపోయిన నూలు దుప్పట్లు ఒక పెట్టెలో దాచుకున్నారు. దుప్పట్లు కావాలి అత్తయ్యా, పాతవి అని అడిగితే, ఎందుకని అడగకుండా పెట్టె తెరిచారు. ఎన్ని వందలసార్లు ఉతికారో, గంజి మాటే లేకుండా, మెత్తగా, నీళ్ళు చూస్తే చాలు పీల్చుకునే గుడ్డ. కొత్త గుడ్డ ఏదీ పాలీ అనిలీన్ అనే పాలిమరును అలా పట్టుకోలేదు. తెలిసిన ఇంకో కాలేజీ ల్యాబులో, సహోద్యోగిని పక్కన పెట్టుకుని, మంచు ముక్కల మధ్య పాలిమరు తయారయ్యే ద్రవంతో తొట్టెలు పెట్టి, ఒక్కొక్క దుప్పటి ముంచి, తీసి, ఆరబెట్టి ఇంటికి తెచ్చి పెరట్లో తాడు మీద వేసింది. ముదురు పచ్చ. అక్కడక్కడ కొంచెం బూడిద తిరిగినట్టుంది. మందుల షాపుకు వెళ్ళి వచ్చేసరికి తాడు మీద నీలం దుప్పట్లు ఉన్నాయి.

నీలం. ఆకాశంలాంటి నీలం కూడా కాదు, సిరా ఒలికిన నీలం. పక్కనే బకెట్టు, బ్రష్షు, సబ్బు కడ్డీ, చేతులు తుడుచుకుంటూ అత్తగారు. ఏం పాచి పట్టిందమ్మా నా దుప్పట్లకు, ఆ పుల్లటి కంపు ఒకటి అన్నారు ఆవిడ. పచ్చంతా వదిలింది, నీలం మిగిలింది, రేపు ఇంకో దఫా వేస్తే మల్లెపూవులా వచ్చేస్తాయి అన్నారు. ఆమె గుమ్మం మెట్టు మీద కూలబడింది. తెల్లవారితే పరీక్ష. ఆ పాలిమరుకు ఆమ్లం ఉంటేనే ప్రాణం, సబ్బులోని క్షారం ఆ ఆమ్లాన్ని కాస్తా లాగేసుకుంటుంది, ఉత్త నీలం గుడ్డ మిగులుతుంది, ఇంక దానికీ దోమతెరకూ తేడా లేదు. ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఆమె మొహం చూసి అత్తగారు సబ్బు కింద పెట్టేశారు.

"నీ మందంతా కడిగేశానా?"

"కడిగెయ్యలేదు అత్తయ్యా. నిద్రపుచ్చారంతే. కాస్త పులుపు తగిలితే లేస్తుంది."

ల్యాబులో కావలసినంత ఆమ్లం ఉంది, తాళంచెవి మాత్రం లేదు. అరువు తెచ్చుకున్న ల్యాబు ఆ పూటకు మూసేశారు. అత్తగారు సంచీ తీసుకుని బయలుదేరారు. కూరగాయల వాడి దగ్గర ఉన్న నిమ్మకాయలన్నీ తెచ్చేశారు. పచ్చడికా అమ్మా అని అతను అడిగితే, దుప్పట్లకు అన్నారట. అతను ఇంకేమీ అడగలేదట. వంటింట్లో బల్ల మీద కోత, పిండుడు, గింజలు, గుజ్జు. భర్త పని నుంచి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా కత్తి అందుకున్నాడు. గోరు పక్కన గీరుకున్న చోట పులుపు పడి ఆయన హా అంటే, అత్తగారు నోరు మూసుకుని పిండు అన్నారు. తొట్టెలో రసం పోసి నీలం దుప్పటి ముంచారు. ఒక క్షణం ఏమీ కాలేదు. ముగ్గురూ వంగి చూస్తున్నారు. అంచు దగ్గర, ముడత పడిన చోట, ఒక సన్నటి పచ్చ. అది పాకింది. గుడ్డ మధ్యకు పాకుతూ, నీలాన్ని తింటూ, వెళ్ళిపోయింది. అత్తగారు అన్నారు, నా జన్మలో మరక పోయినందుకు సంతోషించాను గానీ, మరక తిరిగొచ్చినందుకు సంతోషించడం ఇదే మొదలు అని. భర్త నాలుగు మూలలా మీటరు పెట్టి చూశాడు. కరెంటు పారడం ముందున్నంత లేదు, కానీ నాలుగు మూలలా ఒకేలా ఉంది. సబ్బు దెబ్బకు పట్టీపట్టని పొడంతా రాలిపోయి, గుడ్డను పట్టుకున్నది మాత్రమే నిలిచింది. ఆవిడ చేసిన తప్పు కూడా ఇలా ఉపయోగపడిందని ఆవిడకు చెప్పాలి. ఇంకా చెప్పలేదు.

చెప్పాల్సినవి చాలా మిగిలిపోతాయి. పక్క గదిలో యంత్రం ఇంకా నడుస్తూనే ఉంది. దాన్ని ఈ గంట ఆపించమంటారా అని టెక్నీషియన్ అడిగితే, ఆపొద్దు, ఆపితే దుప్పట్ల సంగతి ఎలా తెలుస్తుంది అంది ఆమె. ఆమె భర్త స్వయంగా వెళ్ళి అక్కడి వాళ్ళతో మాట్లాడి వచ్చాడు. ఎవరో పెద్దాయన మోకాలట. వెచ్చగా ఉందా అని అడిగితే హాయిగా ఉంది అన్నాడట. ఎవరో తెలియని ఆ మోకాలికి కూడా ఆమె మనసులోనే ఒక దణ్ణం పెట్టుకుంది. దండిగా వెచ్చబడు నాయనా. ఇంకా ఎవరెవరికి పెట్టాలి? పాడైన కాగితం పట్టుకుని అబద్ధం చెప్పని డాక్టరమ్మకు. పంపు కింద చెయ్యి పెట్టించిన సహోద్యోగికి. అందువల్లే ముంజేతి మీద చిన్న మచ్చతో సరిపోయింది. మాట్లాడని మీటరు మనిషికి. అందరికంటే ముందు, తనకు రసాయనశాస్త్రం నేర్పిన మాస్టారికి. మాస్టారి వేళ్ళ గోళ్ళ చుట్టూ ఎప్పుడూ పచ్చగా ఉండేది, భోజనం బల్ల దగ్గర మిగతా వాళ్ళు ఆయన పక్కన కూర్చునేవారు కాదు. ఆయనే ఆమెకు మొదటిసారి ఆ రంగు చూపించారు.

"ఇప్పుడు బాగా ఊపిరి తీసి వదలండి మేడమ్. లోతుగా. నేను ఆపమనేదాకా."

తియ్యి, వదులు. తియ్యి, వదులు. వేళ్ళ చివర్లు తిమ్మిరెక్కుతున్నాయి. నిమ్మకాయ వాసన మరీ దగ్గరికి వచ్చింది. తియ్యి, వదులు. మాస్టారి ల్యాబులో కిటికీ పక్క బల్ల, బల్ల మీద గాజు గిన్నె, గిన్నెలో చల్లటి నీళ్ళలాంటి ద్రవం, అందులో తెల్లటి గుడ్డ ముక్క. వదులు. మాస్టారు అందులో రెండో ద్రవం కలిపి చేతులు వెనక్కి కట్టుకున్నారు. ఇంకా తెల్లగానే ఉంది. ఏమీ అవలేదు సార్ అంటే, అవుతుంది, చూస్తూ ఉండమ్మా, రంగొచ్చేటప్పుడు కన్నార్పావంటే మళ్ళీ దొరకదు అన్నారు. ఆమె కన్నార్పలేదు. తియ్యి. గిన్నె అడుగున ఏదో కదిలింది, లేత నీలం, పొగలాగా, అది గుడ్డ వైపు లేస్తోంది, ఇదిగో ఇప్పుడే ఇప్పుడే

గుడ్డ పచ్చగా ఉంది. మొత్తం పచ్చగా అయిపోయి ఉంది. ఎప్పుడు వచ్చిందీ రంగు? ఆ రోజు ఆమె చూసింది, బాగా గుర్తు, అణువణువూ చూసింది, మాస్టారు భుజం తట్టారు కూడా. ఇప్పుడు మాత్రం చూడలేదు. ఊపిరి ఎందుకో మామూలుగా ఆడుతోంది. ఆపమన్నారా? టెక్నీషియన్ దుప్పటి ఇవతల, తల పక్కనే నిలబడి ఉన్నాడు, అతను లోపలికి వచ్చిన చప్పుడు ఆమెకు వినపడలేదు.

"మేడమ్, ఇందాక మీకొక మాట చెప్పి గుర్తుపెట్టుకోమన్నాను. ఏమిటో చెప్పగలరా?"

ఏ మాటా చెప్పలేదే అనబోయింది. అతని మొహం చూస్తే చెప్పాడని తెలుస్తోంది. గొంతు మెత్తబరుచుకుని, పర్వాలేదు మేడమ్, గొడుగు అన్నాను, ఇంకాసేపు పడుకోండి అని అతను బయటికి వెళ్ళిపోయాడు. గొడుగు. వినలేదు. ఆ మాట గాలిలో వచ్చింది, దుప్పటి దాటింది, చెవిలో పడింది, లోపల ఎవరూ లేరు. ఇందాక తప్పుకున్న ప్రశ్న ఇప్పుడు వచ్చి మంచం అంచున కూర్చుంది. ఈసారి ఆమె తప్పుకోలేదు. భయంగానే ఉంది. కళ్ళ చివర్ల నుంచి నీళ్ళు చెవుల్లోకి జారాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఎత్తకూడదు, ఎత్తితే గీత చెడుతుంది. ఇంత కష్టపడి తెచ్చుకున్న గీతను తన చేతులారా చెడగొట్టుకోదు. కదలకుండా ఏడ్చింది. కళ్ళు తెరిస్తే నెత్తి మీద పచ్చటి నూలు, వెనక ట్యూబులైటు, ఒక మూల అత్తగారి లాండ్రీ గుర్తు, ఎర్ర దారంతో కుట్టిన చిన్న చుక్క, ఇన్నిసార్లు ముంచిన తర్వాత కూడా అలాగే ఉంది.

గంట అయ్యాక డాక్టరమ్మ గదిలో అందరూ కూర్చున్నారు. తెర మీద గీతలు వరసగా, సన్నగా, తీరికగా పోతున్నాయి. ఈ గదిలో ఇంత శుభ్రమైన రికార్డు నేను ఎప్పుడూ చూడలేదు అంది డాక్టరమ్మ. పక్కన యంత్రం నడుస్తూనే ఉందని టెక్నీషియన్ చెబితే ముందు నమ్మలేదట, వెళ్ళి చూసి వచ్చిందట. ఆ తర్వాత గీతల్ని ముందుకు జరిపి ఒకచోట ఆపింది. అక్కడ గీతలన్నీ ఒక్కసారిగా లేచి, ఒకే తాళంలో ఎగిరి, కాసేపటికి ఏమీ ఎరగనట్టు సద్దుమణిగాయి.

"ఇది మాత్రం గోడది కాదమ్మా. మీదే."

"అయితే దుప్పట్లు పనిచేశాయి" అంది ఆమె.

ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. సంతోషం ముందొచ్చేసింది, జబ్బు వెనక వచ్చింది. రెండూ ఒకదాన్నొకటి తోసుకోకుండా పక్కపక్కనే కూర్చున్నాయి. అదే ఆమెకు ఆశ్చర్యం. ఒక నెల రోజులుగా తప్పు గోడదే కావాలి, గోడదే కావాలి అని కోరుకుంది. ఇప్పుడు గోడది కాదని తేలింది, తేల్చింది తన చేతి గుడ్డే, అయినా ఆ గుడ్డ మీద కోపం రావడం లేదు. డాక్టరమ్మ మందు ఉంది అంటోంది, చాలామందికి తగ్గుతుంది అంటోంది, ఏమిటో తెలియనప్పుడు ఇవ్వలేకపోయాను, ఇప్పుడు ధైర్యంగా ఇస్తాను అంటోంది. కొన్ని నెలలు బండి నడపొద్దు, పొయ్యి దగ్గరా ఆమ్లాల దగ్గరా ఒంటరిగా ఉండొద్దు అంది. భర్త తల ఊపుతూ, చేతిలో మీటరు లేక, కుర్చీ చెయ్యి గోకుతున్నాడు. తాళంచెవి ఆమె కళ్ళ ముందు ఒకసారి మెరిసి, దూరంగా జరిగింది.

మడతపెట్టిన దుప్పట్లు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న అత్తగారు అప్పుడు అడిగారు. "ఒంటరిగా వద్దన్నారు. అసలు వెళ్ళనే వద్దనలేదుగా?"

పక్కన కనిపెట్టుకుని ఎవరైనా ఉంటే వెళ్ళొచ్చు, మీ పైవాళ్ళు ఒప్పుకుంటే అలాగే రాసిస్తాను అంది డాక్టరమ్మ.

"రాసివ్వండి. నేనుంటాను." ఆవిడ కోడలి వైపు తిరిగారు. "నువ్వు ఎక్కడికైనా వెళ్ళొచ్చేలోపు ఆ గాజు గ్లాసు నేను పట్టుకుంటా. నువ్వొచ్చాక నీ చేతికిస్తా."

చెప్పాలనుకున్నవన్నీ ఒకేసారి గుర్తొచ్చాయి. పెట్టె ఎందుకని అడగకుండా తెరిచినందుకు, పొయ్యి దగ్గర ఊరికే నిలబడినందుకు, తప్పు చేసి సంచీ పట్టుకుని పరుగెత్తినందుకు, అన్నిటికీ కలిపి ఏదో ఒక మాట చెప్పాలి. సబ్బు మాత్రం ఇంట్లో పెట్టి రండి అత్తయ్యా అనే మాట ఒక్కటే బయటికి వచ్చింది. డాక్టరమ్మకు ఏమీ అర్థం కాలేదు, భర్త మాత్రం మొదటిసారి నవ్వాడు. అత్తగారు ఆ మాట విననట్టే, తన చేతిరుమాలు తడుపుకుని, ఆమె జుట్టులో ఎండిపోయిన జిగురు మరకలు ఒక్కొక్కటే తుడవడం మొదలుపెట్టారు. ఆమె కదలకుండా కూర్చుంది.